అమ్మకు మతిమరుపు, ఇప్పుడు ఫిట్స్ కూడా: ఒకదానివల్ల ఇంకొకటి వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 69 ఏళ్లు, రెండేళ్లుగా మతిమరుపు, అల్జీమర్స్ మొదటి దశ అని డాక్టరు చెప్పారు. పోయిన నెల తెల్లవారుజామున ఫిట్ వచ్చింది, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయింది, కానీ అప్పట్నించి మతిమరుపు ఒక్కసారిగా పెరిగినట్టు మీకు అనిపిస్తోంది. ఫిట్ వల్లే మెదడు దెబ్బతిందని మీ అన్నయ్య, కొత్తగా మొదలుపెట్టిన మాత్రల వల్లేనని వదినగారు అంటున్నారు, డాక్టరుగారేమో ఈ జబ్బులో ఇవి మామూలే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫిట్స్ జ్ఞాపకాన్ని తినేస్తున్నాయా, మతిమరుపు జబ్బే ఫిట్స్ తెస్తోందా, అసలు లోపల ఏం జరుగుతోంది అని అడిగారు.

చాలా ఏళ్లుగా మూర్ఛ ఉన్నవాళ్లనీ మతిమరుపు ఉన్నవాళ్లనీ చూస్తున్న న్యూరాలజిస్టుని కాబట్టి సూటిగా చెప్తాను. మీ అన్నయ్య మాటలో కొంత నిజముంది, వదినగారి మాటలో కూడా ఉండొచ్చు, కానీ ఇద్దరూ వదిలేసిన సంగతి ఇంకొకటుంది, నా లెక్కలో అదే అన్నిటికన్నా ముఖ్యం. అల్జీమర్స్ మొదట్లో దెబ్బతీసే చోటూ, పెద్దవాళ్ల మూర్ఛల్లో ఎక్కువగా దెబ్బతినే చోటూ మెదడులో దాదాపు ఒకటే. అక్కడి కణాల మధ్య నడిచే కరెంటు అతిగా చెలరేగినప్పుడు దాన్ని అణచడానికి మెదడు తనంతట తాను కొన్ని మార్పులు చేసుకుంటుంది. ఆ మార్పులు ఫిట్స్‌ని కొంతవరకు ఆపుతాయి గానీ, దాంతోపాటే కొత్త జ్ఞాపకాలు రాసుకునే శక్తినీ తగ్గించేస్తాయి. అంటే అమ్మగారి మతిమరుపులో చచ్చిపోయిన కణాల వాటా కొంత, బతికే ఉండి పని తగ్గించుకున్న కణాల వాటా కొంత. మొదటిదాన్ని వెనక్కి తేవడం ఇవాళ ఎవరి చేతుల్లోనూ లేదు. రెండోదాని విషయంలో మాత్రం చెయ్యగలిగింది ఉంది, ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

ముందు ఆ చోటు గురించి. చెవికి లోపలివైపు, మెదడులో టెంపొరల్ లోబ్ అనే పక్క భాగం అడుగున, రెండు పక్కలా నాలుగైదు సెంటీమీటర్ల పొడవుండే హిప్పోక్యాంపస్ ఉంటుంది. మనం చూసినవీ విన్నవీ అన్నీ దాని పక్కనే ఉన్న ఎంటొరైనల్ కార్టెక్స్ అనే భాగానికి చేరి, అక్కణ్ణించి హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ జైరస్ అనే భాగానికి, దాన్నుంచి సీఏ3 అనే భాగానికి, ఆ తర్వాత సీఏ1 అనే భాగానికి వెళ్లి, మళ్లీ కార్టెక్స్‌కి, అంటే మెదడు పైపొరకి తిరిగొస్తాయి. ఈ చుట్టులో డెంటేట్ జైరస్ చేసే పని చెరువు తూము లాంటిది. లోపలికి ఎంత నీళ్లు వచ్చిపడినా కాలవలోకి కొంచెమే వదులుతుంది. అక్కడుండే గ్రాన్యూల్ కణాలు లక్షల్లో ఉన్నా, ఏ ఒక్క అనుభవానికైనా పలికేవి వాటిలో చాలా కొద్ది.

ఆ పొదుపు వల్ల రెండు లాభాలు. నిన్న పొద్దున బీపీ మాత్ర వేసుకోవడం, ఇవాళ పొద్దున వేసుకోవడం, రెండూ అదే వంటింట్లో అదే గ్లాసుతో అదే టైములో జరిగినవే. అయినా ఆ రెండింటినీ రెండు వేరే జ్ఞాపకాలుగా మనం దాచుకోగలుగుతున్నామంటే, వాటికి గ్రాన్యూల్ కణాల్లో రెండు వేరే గుంపులు పలకడం వల్లే. అల్జీమర్స్ మొదట్లో ఒకే మాత్ర రెండుసార్లు వేసుకోవడం, లేదా వేసుకున్నాననే నమ్మకంతో అసలు వేసుకోకపోవడం అందుకే అంత తరచుగా చూస్తాం, రెండు రోజులూ కలిసిపోతాయి. ఇక రెండో లాభం, ఎక్కడో పుట్టిన అతి కరెంటు హిప్పోక్యాంపస్‌లోకి పోటెత్తకుండా అడ్డుపడటం. జ్ఞాపకాన్ని విడదీసేదీ, ఫిట్‌ని అడ్డుకునేదీ ఒకే కణాలు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ చోటుకీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది కూడా ఒక మూర్ఛ రోగి వల్లే. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్, ఏ మందుకీ లొంగని ఫిట్స్‌తో నలిగిపోతున్న 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కి రెండు పక్కలా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కల భాగాలు తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి, కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా అతను జరిగినదేదీ గుర్తుపెట్టుకోలేకపోయాడు. అతన్ని దశాబ్దాలపాటు పరీక్షించిన బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టుని ప్రతిసారీ కొత్త మనిషిని చూసినట్టే పలకరించేవాడు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీత మీద గీత గియ్యమంటే మాత్రం రోజురోజుకీ బాగా గీశాడు, ముందు రోజు గీసిన సంగతి గుర్తులేకపోయినా సరే. చేతి నేర్పు వేరే దారిలో నిలుస్తుందని దాంతో తేలింది. చిన్నప్పటి సంగతులు కూడా అతనికి చాలావరకు మిగిలాయి. మీ అమ్మగారు తన పెళ్లినాటి సంగతులు వరసగా చెప్తూ, గంట క్రితం ఇడ్లీ తిన్నారో లేదో చెప్పలేకపోవడం కూడా ఇదే కారణంతో. పాతవి కార్టెక్స్‌లో ఎప్పుడో స్థిరపడ్డాయి, కొత్తవాటిని రాసే చోటు చెడిపోతోంది. ఇంట్లోవాళ్లు "కావాల్సినవి మాత్రం భలే గుర్తుంటాయి" అని విసుక్కుంటుంటారు, దయచేసి అలా అననివ్వకండి, అది ఆవిడ చేతిలో ఉన్నది కాదు.

ఇప్పుడు ఫిట్స్ ఏం చేస్తాయో చూద్దాం. మూర్ఛ రోగుల హిప్పోక్యాంపస్‌లో కణాలు ఒక పద్ధతిలో రాలిపోవడాన్ని 1880లోనే విల్హెల్మ్ సోమర్ అనే జర్మన్ డాక్టరు రాసిపెట్టారు. సీఏ1లో, డెంటేట్ జైరస్‌ని ఆనుకుని లోపల ఉండే హైలస్‌లో కణాలు పోతాయి, సీఏ2 మాత్రం చాలావరకు నిలబడుతుంది. ఎమ్మారైలో ఆ పక్క హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి, కొన్ని సీక్వెన్సుల్లో తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, రిపోర్టులో మీసియల్ టెంపొరల్ స్క్లెరోసిస్ అని రాస్తారు. కణాలు పోవడం ఒక ఎత్తయితే, మిగిలినవి కొత్త వైరింగ్ వేసుకోవడం ఇంకో ఎత్తు. గ్రాన్యూల్ కణాల నుంచి బయల్దేరే తీగల్ని మాసీ ఫైబర్స్ అంటారు, వాటి చివర్లలో జింక్ ఎక్కువగా ఉంటుంది. టిమ్ స్టెయిన్ అనే పాత రంగు పద్ధతి ఆ జింక్‌ని పట్టి నల్లగా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు ముక్కలో గ్రాన్యూల్ కణాల వరస పైపక్క, వాటి కొమ్మలు విచ్చుకునే చోటు, శుభ్రంగా లేతగా ఉంటుంది, నలుపంతా కింద హైలస్‌లో, సీఏ3 దారిలోనే. చాలాకాలం ఫిట్స్ వచ్చి సర్జరీలో తీసిన ముక్కలో అదే పైపక్కన నల్లటి పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. హైలస్‌లో తాము వెళ్లి కలవాల్సిన కణాలు చచ్చిపోయేసరికి, ఆ తీగలు వెనక్కి తిరిగి తమ పక్కనున్న గ్రాన్యూల్ కణాలకే తగులుకున్నాయన్నమాట. అలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే కనెక్షన్లు ఏర్పడతాయి. దీనికి తోడు, అదుపుచేసే చిన్న కణాలు, ముఖ్యంగా సొమాటోస్టాటిన్ అనే రసాయనం తయారుచేసేవి, తొందరగా పోతాయి.

ఇక్కడ మీ అన్నయ్యకి జవాబు. ఇంత నష్టం రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయిన ఒక్క ఫిట్‌తో జరగదు. అరగంటకు పైగా ఆగకుండా వచ్చే ఫిట్, లేదా ఏళ్లతరబడి అదుపులో లేకుండా వచ్చే ఫిట్స్, ఇవి చేసే పని అది. అమ్మగారికి ఆ ఒక్క ఫిట్‌తో మెదడు కాలిపోయిందన్న భయం పెట్టుకోకండి. పెద్దవాళ్లలో ఫిట్ తర్వాత వచ్చే గందరగోళం మాత్రం కుర్రవాళ్లలోలా గంటలో తగ్గదు, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది, ముందే డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. మీరు చూసిన ఆ ఒక్కసారి పెరగడంలో కొంత ఇదే అయ్యుండొచ్చు.

అల్జీమర్స్ అటువైపు నుంచి వస్తుంది. హైకో బ్రాక్, ఈవా బ్రాక్ దంపతులు 1991లో చనిపోయినవాళ్ల మెదళ్లు వరసగా పరిశీలించి అల్జీమర్స్‌లో కణాల లోపల పేరుకునే టౌ అనే ప్రొటీన్ చిక్కులు ఏ దారిలో పాకుతాయో దశలుగా చెప్పారు, ఆ దారి మొదలయ్యేది ఎంటొరైనల్ కార్టెక్స్ అంచునే. డెంటేట్ జైరస్‌కి తీగలు పంపేవి ఎంటొరైనల్ కార్టెక్స్ రెండో పొరలోని కణాలు. జబ్బు చాలా తేలిగ్గా ఉన్నప్పుడే, అంటే ఇంట్లోవాళ్లు ఇంకా వయసు మీద పడిందిలే అనుకుంటున్నప్పుడే, ఆ పొరలో సగానికి పైగా కణాలు పోయినట్టు 1990ల్లో లెక్కపెట్టి చూపించారు. ఇన్ని కణాలు పోతే సర్క్యూట్ మూగబోవాలి కదా? చాలాకాలం అందరూ అనుకున్నదీ అదే, డిమెన్షియాలో ఫిట్స్ వస్తే చివరి దశలో, మెదడు అంతా ఎండిపోయాక వచ్చే గొడవ అనుకునేవారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో హోర్హె పాలోప్, లెనార్ట్ ముకీ బృందం అల్జీమర్స్ జన్యువులు పెట్టిన ఎలుకల మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, పైకి ఏమీ కనిపించని ఎలుకల్లో కూడా కార్టెక్స్‌లో, హిప్పోక్యాంపస్‌లో ఫిట్స్ నడుస్తున్నాయి, అదీ మెదడు ఎండిపోవడానికి చాలా ముందే. అమిలాయిడ్, అంటే అల్జీమర్స్‌లో కణాల బయట పేరుకునే ప్రొటీన్, చేరుతున్న మెదడులో బ్రేకు వేసే కణాలు సరిగ్గా పనిచెయ్యవని, వాటిలో సోడియం చానల్ (కణంలోకి సోడియంని రానిచ్చే ద్వారం) ఒకటి తగ్గిపోతుందని 2012లో అదే సంస్థ నుంచి వచ్చింది. పైగా కణాలు ఎంత ఎక్కువగా పలికితే అంత ఎక్కువ అమిలాయిడ్ బయటికి వస్తుంది, టౌ కూడా కణం నుంచి కణానికి పాకడం పెరుగుతుంది. అంటే జబ్బు కరెంటుని రేపుతుంది, రేగిన కరెంటు జబ్బుని ఇంకొంచెం ముందుకు తోస్తుంది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన అసలు సంగతి. ఎక్కువగా రేగిన గ్రాన్యూల్ కణాల్లో డెల్టా-ఫాస్-బి అనే ప్రొటీన్ తయారవుతుంది. మామూలుగా కణం పలికినప్పుడు పుట్టే ప్రొటీన్లు గంటల్లో కరిగిపోతాయి, ఇది మాత్రం మొండిది, సగం తగ్గడానికే 8 రోజులవుతుంది. వారానికో ఫిట్ వచ్చినా చాలు, ఇది పూర్తిగా తగ్గేలోపే మళ్లీ పేరుకుంటుంది. అమెరికాలోని బేలర్ వైద్య కళాశాలలో జీనీ చిన్ బృందం 2017లో చూపించింది ఏమిటంటే, ఈ ప్రొటీన్ వెళ్లి కణం లోపల కొన్ని జన్యువుల మీద కూర్చుని వాటి నోరు మూయించేస్తుంది. అలా మూతపడేవాటిలో ఒకటి సి-ఫాస్, కొత్త జ్ఞాపకం నిలబడటానికి కావలసిన జన్యువు. ఇంకొకటి కాల్బిండిన్, కణంలోకి వచ్చే కాల్షియంని సర్దే ప్రొటీన్ తాలూకు జన్యువు. ఇవి తగ్గితే కణం నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదికి ధరగా జ్ఞాపకం పోతుంది. ఎలుకల్లో డెల్టా-ఫాస్-బి పనిని అడ్డుకుంటే, గ్రాన్యూల్ కణాల్లో కాల్బిండిన్ తిరిగి పెంచితే, జ్ఞాపక పరీక్షల్లో అవి మెరుగయ్యాయి. కణాలు చచ్చిపోయి ఉంటే అలా మెరుగయ్యేవే కావు. అల్జీమర్స్‌తో చనిపోయిన మనుషుల డెంటేట్ జైరస్‌లో, మూర్ఛ సర్జరీలో తీసిన ముక్కల్లో కూడా ఇదే పోలిక కనిపించింది, డెల్టా-ఫాస్-బి ఎక్కువ, కాల్బిండిన్ తక్కువ.

ఫిట్ ఆదివారం వచ్చి పోయింది, శుక్రవారం నాటికి కూడా మనిషి తేరుకోలేదేంటి అని ఇళ్లల్లో అడుగుతుంటారు. ఈఈజీ, అంటే తలమీద తీగలు పెట్టి మెదడు కరెంటుని రాసే పరీక్ష, బాగానే ఉంటుంది, రక్తపరీక్ష బాగానే ఉంటుంది, మనిషి మాత్రం మసకగా ఉంటారు. ఎలుకల్లో తేలినదాన్ని మనుషుల మీద యథాతథంగా రుద్దకూడదని నాకు తెలుసు, అయినా క్లినిక్‌లో నేను చూసేదానికి ఇంత దగ్గరగా సరిపోయే వివరణ ఇంకోటి నాకు కనిపించలేదు.

జీనీ చిన్ బృందమే 2019లో ఇంకో సంగతి చెప్పింది. ఎలుకల డెంటేట్ జైరస్‌లో పెద్దయ్యాక కూడా కొత్త కణాలు పుడుతుంటాయి. ఫిట్స్ వస్తే ఆ మూలకణాలు తొందరపడి ముందే విడిపోయి, ఉన్న నిల్వ త్వరగా ఖర్చయిపోతుంది. మనుషుల్లో పెద్ద వయసులో ఈ కొత్త కణాలు పుడతాయా అన్నదానిమీద శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదన నడుస్తోంది కాబట్టి మీ అమ్మగారి విషయంలో దీనికి నేను పెద్ద బరువివ్వను.

నిద్ర గురించి మాత్రం బరువివ్వాల్సిందే. పగలు హిప్పోక్యాంపస్‌లో పడిన అనుభవాలు రాత్రి గాఢ నిద్రలో రిపుల్స్ అనే చిన్న చిన్న అలలుగా మళ్లీ నడిచి, కార్టెక్స్‌లోని స్పిండిల్స్ అనే తరంగాలతో జతపడి అక్కడ స్థిరపడతాయి. మూర్ఛ ఉన్న మెదడులో, రెండు ఫిట్స్ మధ్య ఖాళీలో కూడా, ఈఈజీలో సూదుల్లా కనిపించే స్పైక్స్ వస్తుంటాయి, నిద్రలో ఎక్కువ. 2016లో జెన్నిఫర్ జెలినాస్, జార్జి బుజాకి తదితరులు ఎలుకల్లో చూపించిందేమంటే, హిప్పోక్యాంపస్‌లో పుట్టిన ఆ స్పైక్స్ కూడా కార్టెక్స్‌లో స్పిండిల్స్‌ని లేపుతాయి. కార్టెక్స్ నిజమైన పాఠానికి సిద్ధమైనట్టే సిద్ధమవుతుంది, కానీ వచ్చింది అర్థంలేని పోటు. ఆ జత ఎంత ఎక్కువగా కుదిరితే జ్ఞాపకం అంత దెబ్బతింది. పైకి ఒక్క ఫిట్ కూడా లేకుండా జ్ఞాపకం చెడటానికి ఇదో దారి.

మనుషుల సంగతికొస్తే, కీత్ వోసెల్ బృందం 2016లో అల్జీమర్స్ ఉండి ఎప్పుడూ ఫిట్ రాని వాళ్లని రాత్రంతా ఈఈజీలో, ఇంకో పద్ధతి ఎంఈజీలో పెట్టి చూస్తే 42 శాతం మందిలో ఈ రహస్య స్పైక్స్ దొరికాయి, అదే వయసు ఆరోగ్యవంతుల్లో 10 శాతం చిల్లర. స్పైక్స్ ఉన్నవాళ్లు తర్వాతి ఏళ్లలో వేగంగా దిగజారారు. 2017లో బోస్టన్‌లో ఆలిస్ లామ్ బృందం ఇద్దరు అల్జీమర్స్ రోగులకి పుర్రె అడుగునున్న సహజ రంధ్రం గుండా హిప్పోక్యాంపస్ పక్కదాకా సన్నటి ఎలక్ట్రోడ్ పంపింది. నిద్రలో లోపల ఫిట్స్ నడుస్తున్నాయి, నెత్తిమీద పెట్టిన మామూలు ఈఈజీ తీగల్లో మాత్రం వాటి జాడ దాదాపు లేదు. అందుకే అరగంట మామూలు ఈఈజీ చేసి నార్మల్ అన్నారంటే, ఆ అరగంటలో నెత్తిమీద ఏమీ దొరకలేదని మాత్రమే అనుకోండి. అల్జీమర్స్‌లో వచ్చే ఫిట్స్‌లో సగానికి పైగా ఒళ్లు కొట్టుకోని రకమే. ఎలా ఉంటాయంటే: టీవీ చూస్తూ చూస్తూ చూపు ఒక్కచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు, పెదాలు చప్పరిస్తారు, చీరకొంగు అంచుని వేళ్లతో అదేపనిగా మడతపెడుతుంటారు, అరనిమిషమో నిమిషమో అయ్యాక ఎక్కడున్నానన్నట్టు చుట్టూ చూస్తారు. కొందరికి కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు, కొందరికి లేని వాసన, కొందరికి ఒక్కసారి ఒళ్లు జలదరింపు. ఇంట్లో అందరూ చాదస్తం అని వదిలేసేవాటిలో ఇవి కలిసిపోతాయి. ఈసారి అలా జరిగితే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, ఆ నిమిషం వీడియో మీరు నోటితో చెప్పే అరగంట కంటే మాకు ఎక్కువ పనికొస్తుంది.

అయితే ఈ అతి కరెంటుని మందుతో తగ్గిస్తే జ్ఞాపకం మెరుగవుతుందా? 2012లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మికేలా గాలగర్ బృందం, డిమెన్షియాకి ముందు దశలో ఉన్నవాళ్లకి లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మందు తక్కువ డోసులో ఇచ్చింది. వాళ్ల మెదడులో డెంటేట్, సీఏ3 భాగం మామూలుకంటే ఎక్కువగా పనిచేస్తూ ఉండేది, అది పాపం కష్టపడి లోటు పూడ్చుకుంటోందని అప్పటిదాకా చాలామంది అనుకున్నారు. మందుతో ఆ అతి తగ్గితే, ఒకేలాంటి బొమ్మల్ని వేరుచేసి గుర్తుపట్టే పరీక్షలో వాళ్లు బాగా చేశారు. అంటే ఆ అతి పనే జ్ఞాపకానికి అడ్డు. 2021లో వోసెల్ బృందం 34 మంది అల్జీమర్స్ రోగులకి అదే మందు 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూసింది. అందరినీ కలిపి చూస్తే తేడా లేదు. ఈఈజీలో స్పైక్స్ ఉన్నవాళ్లని విడిగా చూస్తే దారులు గుర్తుపట్టడంలో, ఆలోచనని అదుపులో పెట్టుకునే పరీక్షలో మెరుగు కనిపించింది. చిన్న ట్రయల్, తక్కువ కాలం. దీన్ని పట్టుకుని మతిమరుపున్న ప్రతి పెద్దాయనకీ ఈ మాత్ర రాసేయడం తప్పని నా గట్టి అభిప్రాయం, అలా రాసిన చీటీలు చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. స్పైక్స్ ఉన్నాయో లేవో వెతకాలి, ఉంటే ఇవ్వాలి. అమ్మగారికి ఫిట్ వచ్చింది కాబట్టి ఆవిడకి మందు ఎలాగూ అవసరమే.

ఇక్కడే వదినగారి అనుమానం. ఫిట్స్ మాత్రలన్నీ ఒకటి కాదు. ఫినోబార్బిటోన్, టోపిరమేట్ ఈ వయసులో మెదడుని మందగింపజేస్తాయి. ఫెనిటాయిన్, అంటే చాలా ఇళ్లల్లో ఎప్టోయిన్ అని పిలిచేది, తూలు తెప్పిస్తుంది, డోసు కాస్త ఎక్కువైనా మాట ముద్దగా వస్తుంది. వాల్‌ప్రోయేట్ కొందరిలో చేతులు వణికించి, అచ్చం డిమెన్షియాలానే కనిపించే మందకొడితనం తెస్తుంది, ఆపితే తగ్గుతుంది కూడా. లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ ఈ వయసువాళ్లకి సాధారణంగా బాగా సరిపోతాయి, కాకపోతే లెవెటిరాసెటామ్‌తో కొందరికి కోపం, చిరాకు, ఏడుపు పెరుగుతాయి, అది జబ్బు ముదరడం అనుకుని మీరు టెన్షన్ పడే అవకాశం ఉంది. ఏ మాత్ర మొదలుపెట్టారో మీరు రాయలేదు. పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, మార్పు గమనించిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుని అడగండి. మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్స్ రావొచ్చు, అసలు ప్రమాదం అదే. నొప్పులకి వాడే ట్రమడాల్, కొన్ని యాంటీబయాటిక్స్, ముఖ్యంగా సిప్రోఫ్లోక్ససిన్ జాతివి, ఫిట్స్‌ని సులువు చేస్తాయి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు ఉంటే మానండి.

ఇంకొక అవకాశం కూడా చెప్పకుండా ఉండలేను, మీ అమ్మగారికి కాకపోయినా ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. ట్రాన్సియెంట్ ఎపిలెప్టిక్ అమ్నీషియా అని ఒకటుంది, ఆడమ్ జీమన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు బృందం దీన్ని బాగా వివరించింది. యాభై, అరవై దాటినవాళ్లలో, తరచుగా నిద్ర లేవగానే, అరగంటో గంటో ఏదీ గుర్తుండదు, అడిగిందే అడుగుతారు, తర్వాత మామూలైపోతారు. మధ్యలో బాగానే ఉంటారు గానీ, విన్నది రోజు రెండు రోజులు బాగానే గుర్తుండి ఆ తర్వాత వారాల్లో జారిపోతుంది, కిందటేడు వెళ్లిన తీర్థయాత్ర మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టు ఉంటుంది. క్లినిక్‌లో పది నిమిషాల జ్ఞాపక పరీక్షలో వీళ్లు సులువుగా పాసవుతారు. వీళ్లకి డిమెన్షియా ముద్ర పడిపోతుంది, నిజానికి ఫిట్స్ మందు చిన్న డోసుతోనే ఆ ఎపిసోడ్లు చాలామందికి ఆగిపోతాయి.

ఉల్టా ప్రశ్న కూడా అడిగారు, ఫిట్స్ నుంచి డిమెన్షియా వస్తుందా అని. అమెరికాలో ఏరిక్ అనే పెద్ద అధ్యయనంలో, 67 దాటాక మొదటిసారి మూర్ఛ మొదలైనవాళ్లకి తర్వాత డిమెన్షియా వచ్చే ముప్పు దాదాపు మూడు రెట్లు ఉంది. దానర్థం ఫిట్సే డిమెన్షియా తెచ్చాయని కాదు. చాలామందిలో లోపల అల్జీమర్స్, లేదా బీపీ షుగర్ల వల్ల చిన్న రక్తనాళాలు దెబ్బతినడం అప్పటికే మొదలై ఉంటుంది, దాని మొదటి గుర్తు ఫిట్ రూపంలో బయటపడుతుంది. అందుకే ఈ వయసులో ఫిట్ వచ్చినవాళ్ల బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ సంగతి నేను మూర్ఛ మందంత శ్రద్ధగా చూస్తాను. ఒకే దెబ్బ తిన్న ఇద్దరు ఒకేలా ఉండకపోవడానికి మెదడులో ముందే ఉన్న నిల్వ కూడా కారణం. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో రాసింది. చదువురానివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. అమ్మగారికి తెలుగుతో పాటు ఉర్దూనో హిందీనో వస్తే ఆ భాష తెలిసిన పక్కింటివాళ్లతో మాట్లాడనివ్వండి. అది వైద్యమని చెప్పను, కానీ వాడే సర్క్యూట్‌ని వాడుతూ ఉండటంలో నష్టమేమీ లేదు.

ఇక ఇప్పుడు మీరు చెయ్యాల్సినవి. మొదటగా, ఈ ఫిట్ నిజంగా అల్జీమర్స్ వల్లేనా అన్నది తేల్చుకోవాలి. సోడియం తగ్గినా ఫిట్ వస్తుంది, బీపీ మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉంటే ఈ వయసులో సోడియం తరచుగా పడిపోతుంది. షుగర్ మాత్ర రెండుసార్లు వేసుకున్నా వస్తుంది, పైన చెప్పినట్టు మర్చిపోయి వేసుకునే అవకాశం ఉంది. ఈ మధ్య బాత్రూమ్‌లో జారిపడ్డారా? పుర్రె లోపల, మెదడుని కప్పే పొర కింద నెమ్మదిగా రక్తం గడ్డకట్టి ఫిట్సూ మతిమరుపూ రెండూ తెస్తుంది, స్కాన్‌లో తెలిసిపోతుంది, తీసేస్తే మనిషి తేరుకుంటారు. మన దేశంలో బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో వచ్చే సిస్టులు కూడా ఫిట్స్‌కి పెద్ద కారణమే, ఎమ్మారైలోనో సీటీలోనో అవీ చూస్తారు. ఇవన్నీ బాగుంటే, నిద్రతో కలిపి ఎక్కువసేపు తీసే ఈఈజీ అడగండి, వీలైతే రాత్రంతా. నిద్రలో స్పైక్స్ ఎక్కువ కాబట్టి, మెలకువగా తీసిన అరగంటకీ దానికీ చాలా తేడా ఉంటుంది. అమ్మగారు గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయితే అదీ చెప్పండి, చెడిన నిద్ర ఫిట్స్‌ని పెంచుతుంది, జ్ఞాపకాన్నీ చెడగొడుతుంది.

మాత్రలు వారం డబ్బాలో సర్ది ఎవరో ఒకరు చేతికివ్వండి, డబ్బాని ఆవిడ దగ్గర పెట్టొద్దు. ఒక నోటుబుక్కులో రోజూ రెండు లైన్లు చాలు: నిద్ర ఎలా పట్టింది, చూపు నిలిచిపోవడాలు ఏమైనా ఉన్నాయా, ఆ రోజు తెలివిగా ఉన్నారా మసకగా ఉన్నారా. అల్జీమర్స్ నెమ్మదిగా దిగజారుస్తుంది, ఒకరోజు బాగుండి మర్నాడు ఏమీ తెలియనట్టు ఉండి మళ్లీ తేరుకునే ఎగుడుదిగుడు కనిపిస్తే దాచిన ఫిట్స్‌ని అనుమానించాలి. లూయీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకంలో కూడా అలాంటి ఎగుడుదిగుడు ఉంటుంది, ఆ తేడా డాక్టరు చూసుకుంటారు, కానీ ఆ నోటుబుక్కు లేకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

మళ్లీ ఫిట్ వస్తే టైము చూసుకోండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఇవేవీ వద్దు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు కూడా పొయ్యకండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. చిన్న ఫిట్‌తో ఏమీ కాదని పైన నేను చెప్పిన ధైర్యం ఆ 5 నిమిషాల లోపు ఆగే ఫిట్‌కి మాత్రమే.